గోమా అని పిలిస్తే

వాన పడితే కుక్క వాసన పెరుగుతుంది.

ఇసొగాయి మిత్సుయో కిటికీలు మూసేది. ఎండుచేప కాల్చేది. ఆ పొగ కింద కూడా వాసన ఉండేది...

ఆ అపార్ట్‌మెంటులో జంతువులు ఉండకూడదు. దొరికితే కుక్కను వదులుకోవాలి. లేదా ఇల్లు వదలాలి.

అక్క చనిపోయాక అక్క కుక్కని ఉతుకుబట్టల సంచిలో పెట్టి ఆరో అంతస్తుకు తెచ్చింది మిత్సుయో. నువ్వుల రంగు కుక్క. పేరు గోమా, అంటే నువ్వులే. ముసలిది. వాన వస్తే మొరిగేది.

వానను ఆపడం ఎవరి తరం?

ఒకరోజు నగోయాలో పాత సామాన్ల దుకాణానికి వెళ్లింది. అక్కడ ఒక ఆటపెట్టె మొరిగింది. చేతిలో ఇమిడేది. తెర మీద కుక్కపిల్ల. తిండి పెట్టాలి, స్నానం చేయించాలి, పేరు పెట్టి పిలిస్తే వస్తుంది.

మిత్సుయో ఆగింది. అచ్చం గోమా గొంతు.

కొంది. దానికీ గోమా అనే పేరు పెట్టింది — గోడ అవతలికి ఒకే పేరు వినబడాలని.

పిలిస్తే రెండూ వచ్చేవి. ఒకటి తెర మీదికి. ఒకటి మోకాళ్ల దగ్గరికి.

ఒకనాడు నివాసుల సంఘం పెద్ద, కురిమోతో అనే ఆవిడ, వచ్చి తలుపు తట్టింది.

"కుక్క అరుస్తోందని కిందివాళ్లు గోల పెడుతున్నారు ఇసొగాయి గారూ."

గోమా పరుపుల అలమరలో ఉంది. మిత్సుయో ఆటపెట్టె తెరిచి చూపింది. అది మొరిగింది.

కురిమోతో గుమ్మం పట్టుకుని నవ్వింది.

"ఈ వయసులో మీకు బొమ్మకుక్కా! మా మనవరాలే విసిగి మూల పడేసింది కదండీ!"

అలమరలో చప్పుడు లేదు.

ఆ మాట అంతస్తులన్నీ దిగింది. చెత్త వేసే చోట అడిగేవాళ్లు. "మీ కుక్క అన్నం తిందాండీ?" "సంబంధం ఏమైనా చూడమంటారా?"

మిత్సుయో నవ్వేది. తను నవ్వితే గోమా ఉంటుంది. నవ్వేది.

జూన్‌లో వాన పట్టుకుంది. గోమాకి దగ్గు పట్టుకుంది. తర్వాత మూలుగు.

ఆటపెట్టె దగ్గదు. మూలగదు. అందులో కుక్కపిల్ల ముసలిది కాదు.

గోమా మూలిగినప్పుడల్లా మిత్సుయో పెట్టె గొంతు పెంచేది. గోడ దగ్గర పెట్టి మొరిగించేది. బయట వాన. లోపల మొరుగు.

ఒక మధ్యాహ్నం గోమా నోరు తెరిచింది. మిత్సుయో వేలు అప్పటికే మీట మీద ఉంది.

పెట్టె ఆపేసరికి గదిలో వాన చప్పుడే ఉంది.

గోమా చివరిసారి ఏమందో ఆమె వినలేదు. ఎవరూ వినకూడదనే కదా పెంచింది —

ఎవరూ వినలేదు.

పెంపుడు జంతువుల దహనానికి బండి ఉంది. ఫోన్ చేస్తే ఇంటి ముందుకే వస్తామన్నారు. వద్దంది. బస్టాపు వెనక ఆగమంది.

తువ్వాలు చుట్టింది. మంచుగడ్డలు పెట్టింది. కూరల సంచిలో పడుకోబెట్టింది. ఎవరైనా అడిగితే చూపడానికి పైన ఆటపెట్టె ఉంచింది.

లిఫ్టులో కురిమోతో ఎదురైంది.

"షికారుకా? ఏదీ, పిలవండి చూద్దాం."

మిత్సుయో పెట్టె తెరిచింది. సంచి మోచేతిని కిందికి లాగుతోంది.

"గోమా."

గొంతు వణికింది. పెట్టె గుర్తుపట్టలేదు.

"గట్టిగా పిలవండి! అలిగిందేమో."

"గోమా!"

తెర మీదికి పరుగెత్తుకొచ్చింది. తోక ఊపింది.

ఒక్కటే వచ్చింది.

"భలే ఉందండీ! రోగం లేదు, చావు లేదు. మీదే హాయి."

"అవునండీ," అంది మిత్సుయో. తల వంచి వీడ్కోలు చెప్పింది.

బయట వాన.

"తడవనివ్వకండి, పాపం!" వెనక నుంచి కురిమోతో కేక. నవ్వు.

మిత్సుయో గొడుగును సంచి మీదికి వంచింది. తల తడిసింది. భుజాలు తడిశాయి. బస్టాపు వెనక బండి దీపాలు కనబడుతున్నాయి.

వాన పడుతూనే ఉంది...