మోకరించలేని నెలలు

కెనడాలోని ఎడ్మంటన్‌లో ఉన్న తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో ఎవరికి జ్వరమొచ్చినా, ఎవరి శాశ్వత నివాసపు పిఆర్ ఫైలు ఎక్కడ ఆగిపోయినా మొదటి ఫోను స్వర్ణకుమారికే వెళుతుంది. ఆమె డాక్టరూ కాదు, లాయరూ కాదు. వృద్ధుల హోమ్‌లో హెల్త్ కేర్ ఎయిడ్‌గా పనిచేస్తుంది. అయినా ఫోను ఆమెకే ఎందుకంటే ఆమె ప్రార్థన చేస్తుంది.

చేయడమంటే ఏదో అయిందనిపించడం కాదు. రోజూ తెల్లవారగానే టొరంటో నుంచి వాంకూవర్ దాకా ఉన్నవాళ్ళందరూ ఒక ఫోన్ లైన్‌లో కలుస్తారు. వాళ్ళ విన్నపాలన్నీ విని, మంచం పక్కన చాప పరుచుకుని, మోకాళ్ళ మీదికి దిగి ఆమె మొదలుపెట్టిందంటే ఇక ఆపేవాళ్ళు ఉండరు. ఆఫీసులకు లేటవుతున్న కుర్రాళ్ళు లైన్ మ్యూట్‌లో పెట్టుకుని షూ లేసులు కట్టుకుంటూ ఆమెన్ అంటుంటారు. పాలకొల్లు మిషన్ హాస్టల్లో చిన్నప్పుడు సిమెంటు గచ్చు మీద నేర్చుకున్న అలవాటది. ఆమె రెండు మోకాళ్ళూ కాయలు కాచి ఉంటాయి. ఆ సంగతి ఆమె దాచుకోదు కూడా. కాస్త గర్వమేననుకోండి.

అలాంటి మనిషి ఫిబ్రవరిలో వచ్చే ఫ్యామిలీ డే సెలవునాడు స్కీయింగుకి వెళ్ళింది. చర్చి పిల్లలు "ఆంటీ, ప్లీజ్ ఆంటీ" అని వెంటపడ్డారు. ఒక్క ఫోటో దిగి వచ్చేద్దామనుకుంది. ఫోటో బాగానే వచ్చింది. భర్త నోవహు జాకెట్టు వేసుకుని, చేతుల్లో కర్రలు పట్టుకుని, కెనడా అంతా తనదే అన్నట్టు నిలబడింది. ఆ ఊపులో, అయిదేళ్ళ పిల్లలు జారే చిన్న దిబ్బే కదా అని తనూ జారింది. కొంతదూరం వెళ్ళాక ఎడమ స్కీ మంచులో గుచ్చుకుని ఆగింది. స్వర్ణకుమారి మాత్రం ఆగలేదు.

మోకాలి చిప్ప పగిలిందని చర్చిలో చెప్పుకున్నారు. చిప్ప కాదు. మోకాలి కింద, కాలి ఎముక పైభాగం బల్లపరుపుగా ఉండి ఒంటి బరువంతా మోస్తుంది చూడండి, అది బీటలువారి ఒకవైపు లోపలికి కుంగిపోయింది. ఆపరేషన్ చేసి, కుంగినదాన్ని పైకెత్తి, ప్లేటూ స్క్రూలూ వేశారు. సర్జన్ చిన్న వయసు అమ్మాయి. డిశ్చార్జి చేసేటప్పుడు దాపరికం లేకుండా చెప్పింది. కొన్ని నెలలపాటు ఆ పాదం నేల మీద మోపకూడదు. ఎముక అతుక్కుంటే అదృష్టం. మళ్ళీ కుంగితే ఇంకో ఆపరేషన్, బహుశా కృత్రిమ కీలు.

"అప్పుడు మోకరించడం కుదురుతుందా డాక్టర్?" అని అడిగింది స్వర్ణకుమారి.

"అప్పుడైతే కష్టమే," అంది ఆ అమ్మాయి.

ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున యథాప్రకారం లైన్ కలిసింది. స్వర్ణకుమారి రిక్లైనర్‌లో, బ్రేస్ వేసిన కాలు దిండ్ల మీద చాపుకుని ఉంది. అందరూ కాలు ఎలా ఉందని అడిగి, విన్నపాలు చెప్పి, ఆమె కోసం ఎదురుచూశారు. ఆమె నోరు తెరిచింది. మాట రాలేదు. ఎవరో "హలో, ఆంటీ, మ్యూట్‌లో ఉన్నారేమో" అన్నారు. నోవహు ఫోను అందుకుని, మందుల మత్తులో ఉందని చెప్పి, పాస్టరమ్మగారికి అప్పజెప్పాడు. ఆ రోజునుంచి లైన్లో ప్రార్థన పాస్టరమ్మగారిదే అయింది.

మత్తు కాదని ఆమెకు తెలుసు. ఆ తర్వాత ఒంటరిగా ఎన్నిసార్లు ప్రయత్నించినా అంతే అయింది. కుర్చీలో జారగిలబడి దేవుణ్ణి పిలవబోతే, పక్కింటావిణ్ణి కూరేం వండావని అడుగుతున్నట్టుంది. మోకాళ్ళు నేలకు తగిలాకే ఆమెకు మాటలు ఊరేవి. ఇప్పుడు నేల అందదు, మాటలూ అందవు. ఇన్నేళ్ళూ ప్రార్థన చేసింది నేనా, నా మోకాళ్ళా అన్న ప్రశ్న పుట్టాక ఆమెకు నిజంగా భయమేసింది. ఆ భయాన్ని ఎవరికీ చెప్పుకోలేదు. అందరి కష్టాలూ వినే మనిషి తన కష్టం ఎవరికి చెప్పుకుంటుంది?

అలా ఉండగా లండన్ నుంచి జెస్లిన్ ఫోన్ చేసింది. ఒంటారియో లండన్‌లెండి. నర్సాపురం పిల్ల. కాలేజీ అయిపోయింది, వర్క్ పర్మిట్‌కి అప్లై చేసింది, దానికోసం కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూస్తోంది.

"వందనాలాంటీ. కాలు ఎలాగుంది? ఆంటీ, నా పర్మిట్ గురించి ప్రేయర్‌లో పెడుతున్నారు కదా?"

"పెడుతున్నానమ్మా," అనేసింది స్వర్ణకుమారి. అబద్ధం ఎంత నున్నగా జారిందో ఆమెకే ఆశ్చర్యమేసింది.

ఏప్రిల్లో ఆ పర్మిట్ రానే వచ్చింది. జెస్లిన్ ఫోన్లో ఏడుస్తూ నవ్వింది. "మీ ప్రార్థనే ఆంటీ! ఆదివారం లైన్లో దేవుడి మేలుకి సాక్ష్యం చెప్తాను, మీ పేరు చెప్పే చెప్తాను."

"నా పేరెందుకే, వద్దు," అంది స్వర్ణకుమారి. వినయమనుకుంది ఆ పిల్ల. ఎవరో వండిన కూర గిన్నె పట్టుకెళ్ళి నలుగురి మెప్పూ పొందినట్టుంది ఇక్కడ ఈమెకు. ఆ ఆదివారం తలనొప్పని లైన్లోకే వెళ్ళలేదు.

కాలు సంగతి చూడబోతే అదీ ఉత్సాహంగా లేదు. పిక్క కరిగిపోయి కాలు కర్రలా తయారైంది. ఫిజియో వచ్చి, మడమ కింద తువ్వాలు పెట్టి మోకాలు వంచమనేవాడు. "ఇంకొంచెం, ఇంకొంచెం" అనేవాడు. హోమ్‌లో ముసలివాళ్ళతో ఆమె రోజూ అనే మాటే అది. అనడం ఎంత తేలికో అప్పుడు తెలిసొచ్చింది. టీ చల్లారిందని నోవహు మీద విసుక్కునేది, తర్వాత తనమీద తనే విసుక్కునేది. నోవహు సిటీ బస్సుల షెడ్డులో మెకానిక్. ఎంత పాత ఇంజన్నైనా తిట్టకుండా బాగుచేసే రకం. టీ మళ్ళీ వేడిచేసి తెచ్చేవాడు.

మే నెల వచ్చింది. నది ఒడ్డున మంచు కరిగి బురదైంది. కొత్త ఎక్స్‌రే తీసే రోజు దగ్గరపడేకొద్దీ స్వర్ణకుమారికి అన్నం సహించలేదు. లైన్లో వాళ్ళందరూ ఆమె కాలి కోసం చేస్తూనే ఉన్నారు, నిజమే. కానీ తన ఎముక కోసం తనే ఒక్కసారి నోరు విప్పి అడగలేదే! అడగని మనిషికి ఎవరిస్తారు? కుంగిపోయే ఉంటుందని ఖాయం చేసుకుంది. కారులో నోవహు రేడియో పెట్టబోతే వద్దంది.

ఆస్పత్రి గదిలో సర్జన్ రెండు బొమ్మలు పక్కపక్కనే తెరమీద పెట్టింది. ఎడమవైపుది ఫిబ్రవరిలో తీసింది. ఎముక పైభాగం కుంగి, మధ్యలో నల్లగా చీలిక. స్వర్ణకుమారి దాన్ని చూసి మొహం తిప్పేసుకుంది.

"అది కాదు, ఇది చూడండి," అని సర్జన్ కుడివైపు బొమ్మ పెద్దది చేసింది.

చీలిక ఉండాల్సిన చోట చీలిక లేదు. తెల్లటి పొగమంచు లాంటిదేదో ఆ సందంతా నిండిపోయి గట్టిపడింది. పైభాగం సమంగా, ఎత్తిపెట్టిన చోటే నిలబడి ఉంది. స్వర్ణకుమారి కుర్చీలో ముందుకు వంగింది.

"ఇది ఎవరు చేశారు?" అని అడిగింది.

సర్జన్ నవ్వింది. "మీరే."

"నేనా? నేను కుర్చీలో పడుకుని ఉన్నాను."

"ముక్కలు కదలకుండా పట్టుకోవడం వరకే నా పని. అతికించడం నాకు రాదు, ఏ సర్జన్‌కీ రాదు. చెడిన ఎముకను తీసేసే కణాలు కొన్ని, కొత్త ఎముకను కట్టే కణాలు కొన్ని. మీరు నిద్రపోయినా అవి నిద్రపోవు. విరిగిన రోజునుంచే మొదలుపెట్టేశాయి. మేం ఆపరేషన్ చేయకముందే."

స్వర్ణకుమారి మళ్ళీ ఆ బొమ్మకేసి చూసింది. విరిగిన రోజునుంచే! తను మంచులో పడి అరుస్తున్నప్పుడే మొదలైందన్నమాట. జెస్లిన్‌తో అబద్ధమాడుతున్నప్పుడూ ఆగలేదు. టీ చల్లారిందని కసురుకుంటున్నప్పుడూ ఆగలేదు. ప్రార్థనకు మాట రావడం లేదని గోడకేసి తిరిగి పడుకున్నప్పుడు కూడా, తను తొడుక్కున్న చర్మం కిందే, చప్పుడు లేకుండా, ఎవరి మెప్పూ అడగకుండా ఆ పని జరిగిపోతూనే ఉంది. తన ఒంట్లోనే జరిగింది, తనకే తెలీదు. ఇంత గొప్ప సంగతి పక్కన పెట్టుకుని తను ఏం చేసినట్టు? భయపడింది, అంతే. ఆమెకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి, రెండిట్లో ఏదీ పూర్తిగా రాలేదు.

"నిలబడి చూస్తారా? రెండు కాళ్ళ మీదా?" అంది సర్జన్.

వాకర్ పట్టుకుని లేచింది. ఎడమ పాదం నేలకు ఆనింది. సాక్సులోంచి నేల చల్లదనం తెలిసింది. కొంచెం కొంచెంగా బరువు వదిలింది. ఎముక మోసింది. మోకరించడానికి ఇంకా చాలాకాలం పడుతుందని, కానీ కుదురుతుందని చెప్పి, ఫిజియోకి కాగితాలు రాసుకొస్తానని సర్జన్ బయటికి వెళ్ళింది.

నోవహు టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. ముప్ఫయ్యేళ్ళుగా ఏ మంచి జరిగినా వాళ్ళింట్లో తర్వాత జరిగేది అదే. "ప్రార్థన చేస్తావా, స్వర్ణా?" అని కళ్ళు మూసుకున్నాడు.

"ఏవండీ, ఇన్ని నెలలూ నేను ప్రార్థన చెయ్యలేదండి. ఒక్కరోజు కూడా."

"తెలుసు," అన్నాడు కళ్ళు తెరవకుండానే.

"ఎలా తెలుసు?"

"ఇల్లంతా అంత నిశ్శబ్దంగా ఉంటే తెలీదా?"

"మరి ఎందుకని ఒక్కమాటా అడగలేదు?"

"ఏమని అడుగుతాను? కాలిరిగిన మనిషిని పట్టుకుని, నడవట్లేదేమని అడుగుతామా?"

ఆయన ఇంకా తల వంచుకుని, ఆమె మొదలుపెడుతుందని ఎదురుచూస్తున్నాడు. మాటలు ఇప్పుడూ రాలేదు. రాలేదన్న దిగులు మాత్రం ఎక్కడా లేదు. వాకర్ మీంచి ఒక చేయి తీసి ఆయన భుజం పట్టుకుని తెరవైపు తిప్పింది.

"కళ్ళు మూసుకోకండి," అంది. "ఇటు చూడండి."