గీయని గడి

సంగీత ఎం.టెక్ రెండో ఏడు చదువుతోంది. చెరువు ఎలా నిండుతుందో, ఎక్కువైన నీళ్లను వదిలే మత్తడి గేటు ఎప్పుడు తెరుచుకోవాలో ఆమె తెర మీద గడులుగా, బాణాలుగా గీస్తుంది. ఆ బొమ్మను చదివి ప్రోగ్రాం మొత్తం రాసిపెట్టే జనరేటర్‌ని తయారుచేయడమే ఆమె పరిశోధన.

"బొమ్మ సరిగ్గా ఉంటే కోడ్‌లో తప్పు రాదు," అనేవారు గైడ్ రాజ్‌కుమార్ సార్. ఎండాకాలంలో ఒక కాంట్రాక్టరుతో మాట్లాడి ఆ ప్రోగ్రాంను గార్ల దగ్గరి చెరువుకు, టేకుమట్ల వైపు మరికొన్ని చెరువులకు పెట్టించారు. గార్ల చెరువు కిందనే సంగీత వాళ్ల తండా.

జూలైలో ఆమె ఇంటికొచ్చినప్పుడు ముసురు పట్టింది. మధ్యాహ్నం చెరువు నీళ్లు చూసే నీరటి శామ్యూల్ తడిసి ముద్దయి వచ్చాడు.

"సంగీతా, చెరువు నిండి పొర్లుతాంది. మీ మిషనేమో గేటు మూస్తాంది. నేను చక్రం తిప్పి లేపుతే మళ్ల దించుతాంది. ఏందిది?"

సంగీత కట్ట మీదికి పరుగెత్తింది. ఫోన్లో నీటిమట్టం సున్నా అని చూపిస్తోంది. కొలిచే గొట్టం నిండా ఒండ్రు పట్టింది. సున్నా వస్తే చెరువు ఎండినట్టు, ఉన్న నీళ్లు కాపాడటానికి గేటు మూయాలి. అలా గీసింది తనే. కొలతే తప్పయితే ఏం చేయాలో చెప్పే గడి ఆ బొమ్మలో లేదు.

సార్‌కు ఫోన్ చేసింది.

"వచ్చే వారం మన ప్రోగ్రాం చూడ్డానికి కమిటీ వస్తోంది. ఇప్పుడు ఆపితే ఫెయిలైందంటారు. కొంచెం చూడు."

అప్పటికే కట్ట కింది వైపు నుంచి బురదనీళ్లు ఊరుతున్నాయి.

"అన్నా, కరెంటు తీసెయ్!"

మోటారు ఆగింది. ఇద్దరూ కలిసి చక్రం తిప్పారు. గేటు లేచి నీళ్లు వాగులోకి దూకాయి. అయినా ఊట ఆగలేదు. సంగీత తండాలోకి పరుగెత్తి అందరినీ బడికి పొమ్మంది. తల్లి తుల్సీబాయి మేకల్ని తోలుకుంటూ ముందు నడిచింది. చీకటి పడకముందే తండా అంతా బడిలోకి చేరింది. కట్ట నిలిచింది.

బడి అరుగు మీద కూర్చున్నాక సంగీతకు మిగతా చెరువులు గుర్తొచ్చాయి. అన్నింటిదీ అదే బొమ్మ. కాంట్రాక్టరు ఫోన్ స్విచాఫ్. సార్ ఫోన్ ఎత్తలేదు. ఆమె చూస్తుండగానే ఫోన్ తెర మీద ఇంకో నీటిమట్టం సున్నాకు పడిపోయింది. కింద చిన్న అక్షరాలు: గేటు మూసుకుంటోంది.

టేకుమట్ల పోలీస్ స్టేషన్‌కు ఫోన్ కలిపింది.

"సార్, చెరువు కిందున్నోళ్లను జల్ది లేపుండ్రి! కట్ట తెగేటట్టున్నది!"

"ఏ చెరువమ్మా? పేరు చెప్పు, ఇప్పుడే పోతం."

సంగీత తెర వంక చూసింది. అక్కడ ఊరి పేరు లేదు, గీసేటప్పుడు తాను పెట్టిన వరుస నంబరే ఉంది.

"చెరువు నాలుగు," అంది.

"అట్లంటే ఏదమ్మా? హలో..."