మూడో గ్లాసు

వీడియోలు చూసి పనివాడైపోయిన మనిషిని మేస్త్రి తన జీవితంలో ఒక్కణ్ణే చూశాడు. ఆ ఒక్కడూ సొంత అల్లుడే కావడం ఆయన ఖర్మ. అల్లుడి ఉద్యోగం బీమా ఆఫీసులో, పొద్దస్తమానం కాగితాలకు పిన్నులు గుచ్చడం. స్క్రూడ్రైవర్ పట్టుకుంటే గరిట పట్టుకున్నట్టుంటుంది. అలాంటివాడు ఆదివారం పొద్దున్నే కారు బానెట్ ఎత్తి, ఇంజెక్టర్లు ఇంట్లోనే పరీక్ష చేసేస్తానని బయలుదేరాడు.

మేస్త్రి అంటే ఆషామాషీ మేస్త్రి కాదు. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఇంజెక్టర్ల షాపులో టెస్ట్ బెంచి ముందు నిలబడ్డవాడు. ఇంజెక్టర్ చూడ్డానికి వేలెడంత ముక్క, ఇంజన్లోకి పెట్రోలు తుంపరగా చిమ్ముతుంది, దాని మూతికుండే చిల్లు కంటికి ఆనదు. ఎంత పేరున్న మెకానిక్కైనా ఆ చిల్లు సంగతికొచ్చేసరికి తల గోక్కుంటూ మేస్త్రి దగ్గరికే వచ్చేవాడు. ఆయన పని మానేసి రెండేళ్ళయింది. ఈ రెండేళ్ళలో అల్లుడు ఒక్కసారంటే ఒక్కసారి, మామయ్యగారూ ఇదేమిటో కాస్త చూడండి అన్న పాపాన పోలేదు. అడగందే అమ్మయినా పెట్టదు, నేనెందుకు పెట్టాలి అని మేస్త్రి కూడా బిగుసుకున్నాడు.

కారు కూతురిది. ఆమె ల్యాబ్ టెక్నీషియన్, తొమ్మిది నెలలుగా పని లేదు. ఇప్పుడు ఒక ల్యాబ్ వాళ్ళు ఇంటింటికీ వెళ్ళి రక్తం శాంపిళ్ళు తెచ్చే పని ఇచ్చారు. సొంత కారుండాలన్నది షరతు. సోమవారం పొద్దున ఆరింటికి మొదటి ఇల్లు. మొదటి రోజే రాకపోతే లిస్టులో తర్వాతి మనిషిని పిలుస్తామని మొహం మీదే చెప్పారు. శాంపిళ్ళ పెట్టె డిక్కీలో బిగించి కూడా పోయారు. సరిగ్గా శుక్రవారం నుంచి కారుకు వణుకు పట్టుకుంది. అల్లుడు ఫోనుతో నడిచే యంత్రం ఒకటి తెచ్చి తగిలించి, మూడో సిలిండర్ సరిగా మండడం లేదని కనిపెట్టాడు. అంతవరకూ నిజమే. అక్కణ్ణుంచి పాండిత్యం మొదలైంది. మూడో సిలిండర్ మండకపోతే తప్పు మూడో ఇంజెక్టర్‌దే అని తీర్పు చెప్పేశాడు.

మేస్త్రి కూతురింటి పోర్టికోలో కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. బానెట్ లేవగానే ఆయనకు అసలు సంగతి కనబడింది. మూడో ప్లగ్గుకు కరెంటు ఇచ్చే కాయిల్ ఉంది కదా, దాని మీది కనెక్టర్ క్లిప్పు విరిగి, కనెక్టర్ సగం పైకి లేచి ఉంది. గట్టిగా నొక్కి ఒక తీగ చుట్టేస్తే కాఫీ చల్లారేలోపు అయిపోయే పని. పాపం ఇంజెక్టర్లది ఏమీ లేదు. అయినా మేస్త్రి నోరు విప్పలేదు. వీడి నిర్వాకం ఎంతదాకా పోతుందో చూద్దాం, బొక్కబోర్లా పడ్డాక అమ్మాయే వచ్చి నాన్నా నువ్వు చూడు అంటుంది, అప్పుడు లేద్దాం అనుకుని కాలు మీద కాలేసుకున్నాడు.

నిప్పురవ్వ రాకూడదని అల్లుడు నాలుగు కాయిళ్ళ కనెక్టర్లూ పీకాడు. మూడోది వేలు తగలగానే ఊడి చేతిలోకి వచ్చింది. పని సులువైందని సంతోషించాడే గానీ, ఎందుకంత సులువైందని ఒక్క క్షణం ఆలోచిస్తే ఒట్టు. తర్వాత ఇంజెక్టర్లు నాలుగూ బిగించి ఉన్న గొట్టాన్ని అలాగే పైకెత్తి కట్టి, కింద పలక వేసి, దాని మీద నాలుగు గాజు గ్లాసులు వరసగా పెట్టాడు. భార్యను సీట్లో కూర్చోబెట్టి తాళం తిప్పమన్నాడు. ఇంజన్ గిరగిరమంది, నాలుగు మూతులూ చిమ్మాయి. ఏమి తుంపర! నాలుగూ ఒకే తీరుగా, మంచులాగా. షాపు మానేశాక అంత చక్కటి తుంపర మేస్త్రి చూడలేదు. అల్లుడు దాని వంక చూడనేలేదు, గ్లాసుల్నే చూస్తున్నాడు.

మూడో గ్లాసులో పెట్రోలు మట్టం అరవేలు తక్కువగా ఉంది. ఉండదూ మరి? మిగతా మూడూ ఒక సెట్టువి, ఇది వేరే సెట్టుది, అడుగుభాగం వెడల్పు. వెడల్పు గ్లాసులో పోస్తే ఎత్తు తగ్గుతుందని పలక పట్టిన పిల్లలకు కూడా తెలుసు. అల్లుడు మాత్రం, దొరికింది దొంగ అని ఫొటో తీసుకున్నాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు, దానికి ఫొటో ఒకటి. మేస్త్రికి కడుపులో నవ్వు ఆగడం లేదు. ఇంటికెళ్ళి భార్యకు ఈ ముచ్చట ఎక్కణ్ణుంచి మొదలుపెట్టి చెప్పాలో కూడా అనుకున్నాడు.

అంతలో అల్లుడు మూడో ఇంజెక్టర్ ఊడదీసి, చిల్లు పూడిపోయిందనుకుని కుట్టుసూది చేతిలోకి తీసుకున్నాడు. మేస్త్రి నవ్వు అక్కడే ఆగిపోయింది. బెంచి దగ్గరికి సూది తెచ్చిన పాపానికి ఒక పనివాణ్ణి మెడపట్టి గెంటిన మనిషి ఆయన. సూది తగిలితే ఆ చిల్లు పాడైపోతుంది, ఇక చిమ్మడం మాని కారడం మొదలెడుతుంది. ఆయన కుర్చీలోంచి సగం లేచి, బాబూ, అన్నాడు.

అల్లుడు తలెత్తి ఎంతో మర్యాదగా అన్నాడు. "మీరు కూర్చోండి మామయ్యగారూ. మీ రోజుల్లో అంతా అంచనా మీద నడిచేది. ఇప్పుడు కొలతలొచ్చాయి కదా."

అంచనా! చుక్కలో పదోవంతు తేడా వస్తే సరుకు వెనక్కి పంపిన మనిషిని పట్టుకుని అంచనా అంటాడా! మేస్త్రి చెవులు కాలిపోయాయి. పొడుచుకో నాయనా, తనివితీరా పొడుచుకో అనుకుని మళ్ళీ కూర్చున్నాడు. అల్లుడు తనివితీరానే పొడిచాడు.

అన్నీ బిగించి స్టార్ట్ చేసేసరికి కోతిపుండు బ్రహ్మరాక్షసి అయింది. ఇందాక వణికిన కారు ఇప్పుడు దగ్గుతూ నల్లగా పొగ కక్కింది. వీధంతా పెట్రోలు కంపు. ఎవరూ పిలవకుండానే మేస్త్రి వెళ్ళి, కనెక్టర్ నొక్కి తీగ చుట్టాడు. కూతురు మళ్ళీ తాళం తిప్పింది. పొగ ఏమాత్రం తగ్గలేదు. తగ్గదని ఆయనకు తెలుసు. ఆ ఇంజెక్టర్ ఇక మూసుకోదు. ఆదివారం, షాపులన్నీ మూత. రేపు పదింటిదాకా కొత్తది దొరకదు.

కూతురు కారు ఆపి దిగింది. తండ్రి చుట్టిన తీగను ఒకసారి చూసి, గ్లాసుల దగ్గరికి వెళ్ళింది. పరీక్ష గొట్టాలతోనే బతికిన మనిషి, ఆమెకు ఎంతోసేపు పట్టలేదు. మూడో గ్లాసులోది డబ్బాలోకి ఒంపి, ఒకటో గ్లాసులోది అందులో పోసింది. మట్టం సరిగ్గా ఇందాకటి చోటే నిలిచింది.

"నాన్నా, నువ్వు చూడలేదా?" అంది.

మేస్త్రి నోరు తెరవకముందే అల్లుడు అడ్డం వచ్చాడు. "ఆయన్నెందుకు అంటావు? అంత దూరం నుంచి, ఈ వయసులో ఆయనకేం కనపడుతుంది? తప్పు నాది."

అందులో వెటకారం లేదు. మనస్ఫూర్తిగా అన్నాడు. అవునమ్మా, కళ్ళు సరిగా ఆనడం లేదు అంటే చాలు, మేస్త్రి బయటపడిపోతాడు. కానీ పిన్నులు గుచ్చుకునేవాడు జాలిపడితే తాను తలవంచుకుని పుచ్చుకోవాలా? ఒళ్ళు మండిపోయింది.

"నా కళ్ళకేం, బ్రహ్మాండంగా ఉన్నాయి. గ్లాసు పెట్టినప్పుడే చూశాను. ఆ కనెక్టర్ సంగతి బానెట్ ఎత్తినప్పుడే చూశాను," అన్నాడు.

అనేశాక గానీ తానేమన్నాడో ఆయనకే అర్థం కాలేదు. కూతురు అరుస్తుందనుకున్నాడు, అరిస్తే బాగుండుననుకున్నాడు. ఆమె చేతులు తుడుచుకుంది.

"ఆయనకి తెలీదు నాన్నా. నీకు తెలుసు," అంది.

తర్వాత అక్కడే నిలబడి ల్యాబ్‌కు ఫోన్ చేసింది. రేపటికి కారు సిద్ధం కాదని చెప్పింది. అదేమిటి, ఇంట్లో బండి చూసేవాళ్ళెవరూ లేరా అని అవతలి మనిషి గట్టిగా అడగడం మేస్త్రికి కూడా వినబడింది. ఆమె ఆయన వంక తిరగలేదు.

"లేరండీ," అంది. "మా ఇంట్లో ఈ పని తెలిసినవాళ్ళు ఎవరూ లేరు."