దూది గూడు

తడిసిన రంపపుపొట్టు సంచిలోకి దులిపి, పెట్టెలో కొత్తది పరిచి, మూలన గుప్పెడు దూది పెట్టింది ఎలుకలత్త. పరిశోధనశాలలో చేరిననాటి నుంచీ ఆమె పేరదే. అసలు పేరు ఇంట్లోవాళ్లకే ఓ పట్టాన గుర్తురాదు.

ఒంటిమీద వెంట్రుకన్నదే లేని ఎలుక ఆమె అరచేతిలో ముడుచుకుంది. దాని డొక్కలో మనిషి క్యాన్సర్ కణాలతో పెంచిన గడ్డ బఠాణీగింజంత ఉండేది. చెల్లెలి రొమ్ములో మొదట చేతికి తగిలిందీ అంతే.

పోయిన నెల దాని తోకనరంలోకి మందెక్కించినప్పుడు కదలకుండా పట్టుకున్నది అత్తే. కంటికి ఆనని రేణువులట, వాటికి యాంటీబాడీలు తగిలించారట, అవి వెళ్లి గడ్డ కణాలనే పట్టుకుంటాయట. పరిశోధకురాలు చెబుతుంటే తలూపింది గానీ నమ్మలేదు. మర్నాడు ఎలుక ఒంట్లో ఆ రేణువులు వెలగడం కెమెరా తెరమీద చూసింది. కాలేయం దగ్గర కాస్త మసక వెలుతురు, గడ్డ దగ్గర మాత్రం దీపం పెట్టినట్టు పచ్చగా.

"ఇంత ఒంట్లో ఆ మందుకి దారెవరు చెప్పారమ్మా?"

"ఎవరూ చెప్పరత్తా. గడ్డ తగిలితే అతుక్కుంటుంది, అంతే."

"అంతే అంటావేంటి," అంది అత్త, తెరమీంచి చూపు తిప్పకుండా.

ఇవాళ ఆ గడ్డ లేదు. బొటనవేలితో తడిమింది, మళ్లీ తడిమింది. పక్కటెముకలు, గబగబా కొట్టుకునే గుండె. చెల్లెలు బతికుంటే అత్త ఇప్పుడే ఫోన్ చేసి చెప్పేది. ఎలుకకున్న రాత కూడా నాకు లేదే అక్కా అని నవ్వేది ఆ పిల్ల. ఎలుకను పెట్టెలో వదిలి, అత్త కళ్లు తుడుచుకుంది.

మధ్యాహ్నం పరిశోధకురాలు గ్యాసు పట్టే గాజుపెట్టె తెచ్చింది.

"దీన్నొక్కదాన్నీ ఉంచెయ్యకూడదా? మీ సొమ్మేం పోయింది."

"లోపలెక్కడైనా గడ్డ దాక్కుందేమో కోసి చూడాలి కదత్తా. చూడకుండా పోయిందని ఎలా చెప్పను?"

చెల్లెలికీ పోయిందనే అన్నారు. ఏడాది తిరక్కుండా ఊపిరితిత్తుల్లో తేలింది.

"నేను పెడతాలే. నా చెయ్యయితే బెదరదు," అని ఎలుకను తీసుకుంది. "పడుకోవే మొండిదానా."

గాజుకు అరచెయ్యి ఆనించి నిలబడింది. ఎలుక కాసేపు ముక్కు కదిపింది. తర్వాత కదపలేదు.

సాయంత్రం పరిశోధకురాలు సూక్ష్మదర్శిని మీంచి తలెత్తింది. "చూసినంతలో ఎక్కడా లేదత్తా."

"ఊపిరితిత్తుల్లో?"

"శుభ్రంగా ఉన్నాయి."

అత్త కుర్చీ వెతుక్కుని కూర్చుంది. కంటికి ఆననిది అంత చీకట్లో వెతికి వెతికి గడ్డనే పట్టుకుంది. ఎంత గొప్ప సంగతి ఇది, చెల్లీ, అనుకుంది. గుండె నిండిపోయింది.

ఇంటికి వెళ్లేముందు పెట్టె కడుగుదామని మూత తీసింది. పొద్దున పెట్టిన దూది మూలన గుండ్రటి గూడై ఉంది, నడుమ ఎలుక పడుకున్న గుంటతో.