ఆరు నుంచి ఆరూ యాభై

"ఒళ్ళు వంచడానికి కూడా డబ్బు కట్టే మనిషిని నిన్నే చూశాను. రోడ్డు మీద నడిస్తే ఊరికే అయిపోతుంది కదా," అన్నాడు మా ఆయన. నేనప్పుడు బాక్సులకి మూతలు పెడుతున్నాను. ఆయన ఒక మూత తీసి, లోపల ఏముందో చూసి, మళ్ళీ పెట్టకుండా వెళ్ళిపోయాడు. నేనే పెట్టాను.

ఆయన అన్నదాంట్లో తప్పు లేదు, అదే వచ్చిన చిక్కు. రోడ్డు ఊరికే ఉంది. నేను నడిచాను కూడా. కిందటేడాది అత్తయ్యకి మోకాలి ఆపరేషన్ అయినప్పుడు నాలుగు నెలలు ఆవిడని మంచం మీంచి లేపి, బాత్రూమ్‌కి తీసుకెళ్ళి, మళ్ళీ పడుకోబెట్టి, ఆవిడ లేచి తిరిగే వేళకి నా నడుము పడిపోయింది. బలం రావాలంటే వ్యాయామం తప్పదంది డాక్టరమ్మ. సరేనని పొద్దున్నే నడక మొదలుపెట్టాను. మూడో రోజుకే "ఎలాగూ అటే వెళ్తున్నావుగా" మొదలైంది. ఎలాగూ అటే వెళ్తున్నాను కాబట్టి పాలు, బ్రెడ్డు, అత్తయ్య మందులు, ఇస్త్రీకిచ్చిన బట్టలు. చేతులూపుకుంటూ బయల్దేరి రెండు చేతులా సంచులతో తిరిగొచ్చేదాన్ని. దాన్ని బజారు పని అంటారు గానీ నడక అనరు.

ఇంట్లోనే చేద్దామని ఫోన్‌లో వీడియో పెట్టుకున్నాను. మోచేతుల మీద ఒంటిని నిలబెట్టి అరవై అంకెలు లెక్కపెట్టాలి. ఇరవై రెండు దగ్గర అత్తయ్య వచ్చి, "ఏం పడిపోయింది, మంచం కింద వెతుకుతున్నావు?" అంది. ముప్ఫై ఐదు దగ్గర మా అమ్మాయి నా వీపు మీదుగా దాటి చార్జర్ తీసుకుంది. నలభై దగ్గర మా ఆయన, ఎలాగూ కిందే ఉన్నావుగా, నా చెప్పులు ఇటు తొయ్యమన్నాడు. తోశాను. తర్వాత ఆయనే జాలిపడి స్నేహితుడి దగ్గర వాడేసిన వ్యాయామం సైకిల్ ఒకటి తెచ్చి, ఇక నీకు సాకులు లేవన్నాడు. రెండు వారాల్లో దాని హ్యాండిల్ మీద ఆయన చొక్కాలు ఆరడం మొదలైంది. ఆరేసింది నేనే, అదీ ఒప్పుకోవాలి.

నా ఉద్యోగం ల్యాబ్‌లో రక్తం తీయడం. రోజుకి అరవై మంది చేతులు పట్టుకుని, చీమ కుట్టినట్టు ఉంటుంది అంతే, అటు తిరగండి, ఊపిరి వదలండి అని చెబుతుంటాను. ఒకరోజు ఎదురు బిల్డింగ్‌లో కొత్తగా తెరిచిన ఫిట్‌నెస్ స్టూడియో ట్రైనర్ వచ్చింది. నల్లరాయిలాంటి చేతులు. సూది చూడగానే ఆ చేతులు వణికిపోయాయి. నా ఎడమచెయ్యి పట్టుకుని పళ్ళ బిగువున కూర్చుంది. అయిపోయాక సిగ్గుపడి నవ్వి, ఒక క్లాసు ఉచితమని కార్డు ఇచ్చింది. ఇంట్లో చూపిస్తే, ఫ్రీగా వస్తే ఫినాయిలైనా తాగుతారని ఊరికే అనలేదు అన్నాడు మా ఆయన.

ఆ ఒక్క క్లాసు అయ్యాక మూడు నెలలకి డబ్బు కట్టేశాను. నా నెల జీతంలో సగానికి పైనే. ఎవరినీ అడక్కుండా నా కోసం అంత డబ్బు ఖర్చు పెట్టడం జీవితంలో అదే మొదలు. కట్టాక చెప్పాను. ఒళ్ళు వంచడానికి కూడా డబ్బా అని మా ఆయన అన్నది ఆ మర్నాడే.

ఉన్నమాట చెప్పుకోవాలి. అక్కడ బ్రహ్మాండం ఏమీ లేదు. చేయించేవన్నీ ఆ వీడియోలో ఉన్నవే. చుట్టలు చుట్టిన సువాసన తువ్వాళ్ళు, గోడ నిండా అద్దాలు, చెవులు పగిలే పాటలు. చివర్లో కళ్ళు మూసుకుని మీ శరీరానికి థాంక్స్ చెప్పండి లేడీస్ అంటుంది ట్రైనర్. మొదటిరోజు నాకు నవ్వాగలేదు. పది మందిమి ఉంటాం, ఉన్నవాళ్ళలో నా ప్యాంటే చవకది. కానీ అక్కడ రెండు నియమాలున్నాయి. ఫోన్ లాకర్‌లో పెట్టి తాళం చెవి మణికట్టుకి కట్టుకోవాలి. సరిగ్గా ఆరింటికి తలుపు మూసేస్తారు, మళ్ళీ ఆరూ యాభైకే తీస్తారు. నిమిషం ఆలస్యమైనా లోపలికి రానివ్వరు.

మొదటిరోజు బయటికొచ్చి ఫోన్ చూస్తే పదకొండు మిస్డ్ కాల్స్. అత్తయ్య పడిపోయిందేమో, పిల్లకి ఏమైందో అనుకుంటూ మెసేజ్‌లు తెరిచాను. చక్కెర ఎక్కడుంది? చక్కెర ఎక్కడుందని అడిగితే పలకవేం? ఆ తర్వాత ఇరవై నిమిషాలకి, దొరికింది. పధ్నాలుగేళ్ళుగా ఆ చక్కెర అదే అలమరలో అదే డబ్బాలో ఉంది. నేను మెట్ల మీద కూర్చుని ఆ 'దొరికింది' అన్న మాటని మూడుసార్లు చదువుకున్నాను. నేను లేకపోయినా దొరుకుతుందన్నమాట.

రెండో వారానికి పదకొండు కాల్స్ నాలుగయ్యాయి. మొదట్లో ఎవరికీ ఇబ్బంది లేకుండా ఉండాలని నాలుగున్నరకే లేచి వంట ముగించి వెళ్ళేదాన్ని. యాభై నిమిషాల కోసం గంటన్నర నిద్ర ఇచ్చేదాన్ని. ఒకరోజు ఒళ్ళు నొప్పులతో లేవలేకపోతే మా ఆయనే తట్టి లేపాడు. "లే లే, డబ్బు కట్టాం కదా, దండగైపోతుంది. బాక్సుల సంగతి నేను చూస్తాలే," అన్నాడు. నిజంగానే చూశాడు. ఆ రోజు నుంచీ పొద్దుటి కాఫీ ఆయనదే. మా అమ్మాయి తన బాక్సు తనే కట్టుకుంటోంది. అత్తయ్య మందులు అత్తయ్యే వేసుకుంటోంది. నెల తిరిగేసరికి మిస్డ్ కాల్స్ ఒక్కటీ లేవు.

ఎంత సంతోషమో అంత కోపం వచ్చింది నాకు. నడుము నొప్పి అని చెప్పినప్పుడు కదలని మనిషి, ఫీజు దండగవుతుందంటే కదిలాడు. నడిచే రోజుల్లో నా గంటకి ధర లేదు, ఎవరికి ఎంత కావాలంటే అంత తీసుకున్నారు. దానికి రసీదు వచ్చాక ముట్టుకోవడానికి జంకారు. నేను అంత డబ్బు పోసి కొన్నది వ్యాయామం కాదు, మా ఇంట్లో నా గంటకి మర్యాద. ఆ మాట అర్థమైన రోజు ల్యాబ్‌లో ఒక ముసలాయన చేతికి రెండుసార్లు సూది గుచ్చాను. పదిహేనేళ్ళలో నాకెప్పుడూ అలా గురి తప్పలేదు.

నేనేం తక్కువ తిన్నానా. క్లాసు అవగానే మిగతావాళ్ళు చెమట తుడుచుకుని వెళ్ళిపోయేవారు. నా చేతులు ఊరుకునేవి కావు. పది చాపలూ తుడిచి చుట్టేదాన్ని, డంబెల్స్ వరసలో పెట్టేదాన్ని, తడి తువ్వాళ్ళు బుట్టలో వేసేదాన్ని. మూడో వారంలో స్టూడియో శుభ్రం చేసే ఆవిడ నా చేతిలోంచి చాప లాక్కుంది.

"వద్దు మేడమ్. మీరు రోజూ ఇలా సర్దేస్తే ఓనరమ్మ ఇంక నేనెందుకు అనుకుంటుంది," అంది. ఆ మాటలో విసుగు లేదు, భయం ఉంది. తర్వాత నన్ను ఎగాదిగా చూసి, ఇంత కట్టి వచ్చేది ఇది సర్దడానికా అని అడిగింది. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. మర్నాటి నుంచి క్లాసు అవగానే చేతులు జేబుల్లో పెట్టుకుని బయటికొచ్చేదాన్ని. చెబితే నవ్వుతారు, డంబెల్స్ ఎత్తడం కంటే అదే కష్టమైంది.

మూడు నెలలు పూర్తయ్యాయి. నడుము నొప్పి పోయింది. బరువు మాత్రం ఒక కిలో తగ్గింది. కొండని తవ్వి ఎలుకని పట్టావు అన్నాడు మా ఆయన. అదే వారం స్టూడియో వాళ్ళు ఫీజు ఇంకో మూడో వంతు పెంచారు, ఆదివారం లోపు కట్టాలన్నారు. నాకు నిద్ర పట్టలేదు. అంత కట్టడానికి నాకు మనసొప్పడం లేదు, అమ్మాయి ట్యూషన్ ఉంది. కట్టకపోతే ఆ గంట పోతుంది. పోతే ఇంకెప్పటికీ తిరిగి రాదని నాకు తెలుసు, ఎందుకంటే మా ఇంట్లో నా దగ్గర తీసుకున్నది ఏదీ తిరిగి రాలేదు.

గురువారం వెళ్ళేసరికి స్టూడియో షట్టర్ వేసి ఉంది. ట్రైనర్‌కి జ్వరమట. మెసేజ్ పెట్టారు, నేను చూసుకోలేదు. మెట్ల మీద శుభ్రం చేసే ఆవిడ కూర్చుని ఉంది. ఆవిడకైతే మెసేజ్ కూడా పెట్టలేదు. మాటల్లో టైము ఆరూ మూడైంది. నా కాళ్ళు వాటంతటవే ఇంటివైపు తిరిగాయి. ఇప్పుడు వెళితే ఎందుకొచ్చావని ఎవరూ అడగరు. మంచిదైంది, కాఫీ పెట్టు అంటారు. నాలుగడుగులు వేసి ఆగిపోయాను. ఎదురుగా మా ల్యాబ్ ఏడింటికి గానీ తెరవరు, నా డ్యూటీ తొమ్మిదికి, తాళం చెవి నా దగ్గరా ఒకటి ఉంటుంది. వెనక్కి తిరిగి, మీరూ వస్తారా అని ఆవిడని అడిగాను.

పేషెంట్లు కూర్చునే హాల్లో కుర్చీలు గోడకి జరిపాం. నేను దుప్పటి పరుచుకుని మొదలుపెట్టానో లేదో ఆవిడ నా నడుము మీద అరచెయ్యి పెట్టి, పల్లంగా పోతోంది, పైకెత్తండి అంది. రెండేళ్ళుగా రోజుకి మూడు బ్యాచ్‌లు తలుపుకున్న అద్దంలోంచి చూస్తోందట. ఏ కండ ఎక్కడ పట్టాలో ట్రైనర్ కంటే బాగా చెప్పింది. ట్రైనర్ గొంతుతోనే "ఇంకో ఐదు, లేడీస్" అంది. నవ్వి నవ్వి బోర్లా పడ్డాను.

ఊపిరి తీసుకుంటుంటే అడిగింది, ఇదంతా ఇక్కడే అవుతుంటే అంత డబ్బెందుకు కడతారని. ఆరింటికి అక్కడ తలుపు మూస్తారు కదా, దానికోసం అన్నాను. ఇంకెవరికీ చెప్పని మాట అది.

"ఆ తలుపు మూసేది నేనేనమ్మా," అంది. "ఓ గొళ్ళెం. అంతే."

నేను రోజూ రమ్మన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. ఆ గంట తను స్టూడియోకి అమ్మేసిందట, ఆదివారమైతే వస్తానంది. ఇంటికొచ్చేసరికి ఏడూ పది. ఫోన్‌లో కాల్స్ లేవు. కాఫీ కప్పు మీద మూత పెట్టి ఉంది. క్లాసు జరగలేదని ఎవరికీ తెలియలేదు, ఎవరికీ ఏమీ తక్కువ కాలేదు. మధ్యాహ్నం ల్యాబ్ డాక్టరుని అడిగితే, ఏడింటికల్లా కుర్చీలు మళ్ళీ వరసలో ఉంటే తనకేం అభ్యంతరం లేదన్నారు.

ఆదివారం మధ్యాహ్నం అందరూ భోజనాల దగ్గర ఉన్నప్పుడు, ఇక స్టూడియోకి డబ్బు కట్టడం లేదని చెప్పాను. మా ఆయన ముఖం చేటంత అయింది. నేను మొదట్నుంచీ చిలక్కి చెప్పినట్టు చెబుతూనే ఉన్నాను కదా, ఇప్పటికైనా తెలిసొచ్చింది అన్నాడు. రేపట్నుంచి పొద్దున్నే ఈ హడావిడి తప్పుతుంది, ఎవరి పని వాళ్ళు చేసుకోవచ్చు అన్నాడు. ఎవరి పని వాళ్ళు అంటే ఏమిటో ఆ బల్ల చుట్టూ కూర్చున్న నలుగురికీ తెలుసు.

"రేపు కూడా ఆరింటికి వెళ్తాను. ఆరూ యాభై దాకా ఫోన్ ఎత్తను," అన్నాను.

"డబ్బు కట్టలేదంటున్నావు. ఇంకెక్కడికి?" అన్నాడు.

వెటకారం కాదు, నిజంగానే అర్థంకాక అడిగాడు. నన్ను కోసింది అదే. నా దగ్గర జవాబులు వరసగా సిద్ధంగా ఉన్నాయి. నడుము, డాక్టరమ్మ చెప్పిన మాట, ల్యాబ్ హాలు, పైసా ఖర్చు లేదన్న సంగతి. మొదటిది చెప్పబోతుంటే అత్తయ్య గ్లాసు కింద పెట్టింది.

"ఒరే, నీ చిన్నప్పుడు బుధవారం సాయంత్రాలు నేను బట్టలు కుట్టే ఆవిడ దగ్గరికి వెళ్ళేదాన్ని, గుర్తుందా?" అని కొడుకుని అడిగింది.

గుర్తుందన్నాడు. ఆ పూట పక్కింట్లో ఆడుకునేవాణ్ణి అన్నాడు.

"బట్టలు కుట్టే ఆవిడంటూ ఎవరూ లేరురా. రెండు వీధుల అవతల బస్టాపులో కూర్చుని వచ్చేదాన్ని. ఏ బస్సూ ఎక్కేదాన్ని కాదు, ఊరికే కూర్చునేదాన్ని. పదకొండేళ్ళు. ఏం కుట్టించావు, ఏదీ చూపించు అని మీ నాన్న ఒక్కనాడూ అడగలేదు."

మా ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. మా అమ్మాయి నానమ్మని కొత్త మనిషిని చూసినట్టు చూస్తోంది. నాలుగు నెలలు ఈ మనిషిని రెండు చేతులతో ఎత్తి దించాను, ఆవిడ ఒంటి మీద ప్రతి మచ్చా నాకు తెలుసు. ఆ బుధవారాలు మాత్రం నాకు తెలియవు. లేచి వెళ్ళి ఆవిడ పక్కన నిలబడ్డాను.

అత్తయ్య నా వైపు చూడకుండానే, "నేను దానికి ఓ పేరు పెట్టి వెళ్ళాను. నువ్వు పేరు పెట్టకుండా వెళ్ళమ్మాయ్," అంది.

సిద్ధం చేసుకున్న జవాబుల్లో ఒక్కటీ చెప్పలేదు నేను. ఆరింటికి వెళ్తాను అని ఇంకోసారి చెప్పి, నా కంచం ముందు కూర్చుని, అన్నం చల్లారకముందే తిన్నాను.