గోడ అవతలి మొక్కలు

మసీదులో నమాజుకు ముందు కాళ్ళూ చేతులూ కడుక్కునే చోట నీళ్ళు చీలమండల దాకా నిలిచిపోయాయి. జనం విసుక్కుంటున్నారు. కుళాయిలు చూసుకునే పెద్దాయన కంగారు మాత్రం వేరు. ఆ నీళ్ళు గోడలోని పైపు గుండా పక్కనున్న చర్చి ఆవరణలోకి పోవాలి. అక్కడ నలభై మొక్కలు వాటి మీదే బతుకుతున్నాయి. కూతురింట్లో మూడు రోజులుండి ఆయన అప్పుడే తిరిగొచ్చాడు.

"పారే ఏటి ఒడ్డునున్నా నీళ్ళు వృథా చెయ్యొద్దన్నారు ప్రవక్త. ఇవి మురిక్కాలవ పాలెందుకు?" అని ఆరేళ్ళ కిందట ఆయనే పట్టుబట్టి ఆ పైపు వేయించాడు. మొక్కలు పాడవుతాయని అక్కడ ఎవర్నీ సబ్బు ముట్టనిచ్చేవాడు కాదు. చాదస్తమని నవ్వితే నవ్వనీ! అవతల చర్చి తోటమాలి తోడున్నాడు కదా. "దేవుడు మొదటి మనిషిని తోటలో పెట్టింది దాన్ని కాయమనే కదన్నా," అనేవాడతను. రోజూ సాయంత్రం గోడ మీదుగా ఈయన టీ పోస్తే, అతను మొక్కల కబుర్లు చెప్పేవాడు.

పైపుకు ఆకులు అడ్డుపడ్డాయనుకుని, పొడుగాటి కర్ర పట్టుకుని చర్చి గేటులోకి వెళ్ళాడు. ఏముందక్కడ! ఒక్క మొక్కా లేదు. కార్లు నిలపడానికి నేలంతా సిమెంటు. పైపు మూతికి కూడా సిమెంటు ముద్ద.

తోటమాలి తల దించుకుని వచ్చాడు.

"మా పెద్దలు పోయిన నెలే తీర్మానించారన్నా. కాదంటే నా ఉద్యోగం ఊడుతుంది."

"పోయిన నెలా? మరి మొన్న 'కూతుర్ని చూసిరా, మొక్కల్ని నేను చూసుకుంటా' అని నన్ను తరిమి తరిమి పంపావే?"

"నువ్వుంటే అడ్డం పడతావని..."

"ఈ పైపు మూసిందెవరు?"

అతను చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. గోళ్ళ నిండా సిమెంటు.

ఛీ, ఎంత పని చేశాడు! ఎవరో పెద్దలు నరికించారంటే ఆయన కోప్పడి ఊరుకునేవాడు. తన కూతురి మీద బెంగను అడ్డం పెట్టుకుని తనను ఊరు దాటించాడే, ఆ మోసానికి ఆయన గుండె మండిపోయింది.

తోటమాలి పరుగున వెళ్ళి ఓ పాత డబ్బాలో మొక్క తెచ్చాడు.

"ఇదొక్కటే దాచగలిగాను. ప్రళయం వచ్చిపడినా చేతిలో మొక్క ఉంటే నాటమన్నారు మీ ప్రవక్త అని నువ్వే చెప్పావు కదన్నా. తీసుకో."

తన మాటే తనకు అప్పజెబుతుంటే పెద్దాయనకు కళ్ళనీళ్ళు తిరిగాయి. డబ్బా అందుకున్నాడు.

"సాయంత్రం గోడ దగ్గరికి వస్తావుగా అన్నా?"

"ఇదేం పాపం చేసింది? దీనికి రోజూ నీళ్ళు పోస్తాను," అన్నాడాయన గేటు దాటుతూ. "నీకు మాత్రం ఇక టీ పొయ్యను."