గుట్ట నుంచి వచ్చిన గోడ

హైదరాబాదు సాఫ్ట్‌వేర్ కంపెనీ ఒకటి కరీంనగర్‌లో నూట ఇరవై మంది కూర్చునే ఆఫీసు తెరవబోతోందనీ, లోపలి అలంకరణ పని తమకే దొరికిందనీ ప్రమోదిని చెప్పినప్పుడు అరుణ్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ప్రమోదినిది చిన్న సంస్థ, అరుణ్ అందులో డిజైనరు. అప్పటిదాకా వాళ్ళు చేసినవన్నీ డాక్టర్ల క్లినిక్కులు, బట్టల దుకాణాలు, కొత్త ఇళ్ళలో వంటగదులు. ఇంత పెద్ద పని రావడం ఇదే మొదలు.

"వాళ్ళదొక్కటే షరతు," అంది ప్రమోదిని. "లోపల అడుగు పెట్టినోళ్ళకు ఇది బెంగళూరా, పుణేనా అని డౌటు రావద్దట. కరీంనగరే అనిపించాలె. ఏం చేద్దామో ఆలోచించు."

అరుణ్ వారం రోజులు ఊరంతా తిరిగాడు. వెండితీగ పని చేసే ముసలాయన ముందు ఒక పూటంతా కూర్చుని, ఆ అల్లికను పైకప్పు దీపాలకు ఎలా తేవాలో బొమ్మలు గీసుకున్నాడు. మానేరు డ్యాం కట్ట మీద పొద్దు గూకేదాకా నిలబడి, మీటింగు గదుల తివాచీకి ఆ నీళ్ళ రంగు ఎంచుకున్నాడు. కానీ తలుపు తెరవగానే ఎదురయ్యే పెద్దగోడ మీద ఏముండాలో మాత్రం ఎంతకీ తట్టలేదు.

అది ఇంట్లోనే దొరికింది. భగత్‌నగర్‌లో వాళ్ళు అద్దెకుండే ఇంటి వెనక బట్టలుతికే బండ ఒకటుంది. ఒక ఆదివారం తల్లి ఐలవ్వ దాని మీద దుప్పట్లు ఉతుకుతుంటే, నల్లరాయి అంచున పైనుంచి కిందికి వరుసగా దిగిన చారలు తడిసి మెరిశాయి. గొట్టాన్ని నిలువునా చీల్చి రాతిలో అద్దినట్టున్నాయి. అన్నేళ్ళుగా చూస్తున్న బండే. ఆ రోజే కొత్తగా కనబడింది.

"బాపూ, గీ చారలు ఎట్ల పడ్తయే?"

వెనక వసారాలో మంచం మీద దిండ్లకు ఆనుకుని కూర్చున్న తండ్రి మల్లన్న నవ్వబోయి దగ్గాడు. దగ్గు తగ్గేదాకా ఆగి చెప్పాడు. "గవి బెజ్జాలురా. వరుసగ బెజ్జాలు గొట్టి, అండ్ల ఇనుప చీలలు దిగ్గొడ్తే రాయి చీలుతది. సగం బెజ్జం గీ రాయికి, సగం గా రాయికి." మళ్ళీ బండ వైపు చూసి, "గిది కొట్టినోడెవడో గాని తాగి కొట్టిండు. ఒంకర వోయింది," అన్నాడు.

మల్లన్న ఇరవై రెండేళ్ళు గ్రానైట్ క్వారీలో బెజ్జాలు కొట్టాడు. మిషన్ చప్పుడుకు ఒక చెవి పోయింది. రాతిదుమ్ముకు ఊపిరి పోతోంది. క్షయ అని రెండుసార్లు మందులు మింగించాక, మూడో డాక్టరు ఎక్స్‌రే చూసి, "ఇది క్షయ కాదు, దుమ్ము. లోపల పేరుకుపోయింది. దీన్ని కడిగే మందు లేదు," అని చెప్పేశాడు. యాభై నాలుగేళ్ళకే గడప దాటి పదడుగులు వేస్తే ఆగి నిలబడాలి.

ఆ గోడకు నునుపు చేయని రాయి పెడదామన్నాడు అరుణ్, చారలు చారలుగానే కనిపించేలా. "ఈ ఊరి గుట్టలే ఈ ఊరి గుర్తు మేడం," అన్నాడు. కంపెనీవాళ్ళు బొమ్మ చూసి ఒక్కమాటలో ఒప్పుకున్నారు.

రాయి ఎంచడానికి తానూ వస్తానన్నాడు మల్లన్న. ఐలవ్వ వద్దని మొత్తుకుంది. "నీ పానం బాగలేదు, గా గుట్ట మొఖం మళ్ళ ఎందుకు జూసుడు?" అంది. ఆయన వినలేదు. కొడుకు ఒక ఆటో మాట్లాడుకుని, తండ్రిని పాత క్వారీకి తీసుకుపోయాడు. క్వారీ మూతపడి చాలా ఏళ్ళయింది. గుట్ట ఉన్నచోట గుంత ఉంది, గుంతలో పచ్చటి నీళ్ళున్నాయి. చుట్టూ పనికిరావని పడేసిన రాళ్ళు కుప్పలుగా ఉన్నాయి.

మల్లన్న కర్ర పట్టుకుని ఒక్కో రాయి దగ్గరా ఆగాడు. ఆగింది ఆయాసానికో, చూడడానికో అరుణ్‌కు తెలియలేదు. ఒకచోట వంగి చారల్లో వేలు పెట్టి పైనుంచి కిందికి రాశాడు.

"గివి నావి. సూడు, దారం వట్టినట్టున్నయా? గీ పక్క వరుస అంబదాస్‌ది. వాడు జర లోపటికి ఒత్తి కొడ్తుండె."

"ఎవలు, చెన్నూరు కాకనా?"

"ఆ. నన్ను దాదా అంటుండె."

అంబదాస్‌ది ఆదిలాబాద్ అవతల, అన్నను దాదా అని పిలిచే మరాఠీ ఊరు. చెన్నూరు పిల్లను చేసుకుని అక్కడే ఇల్లు కట్టుకున్నాడు. నలభై ఒకటో ఏట ఇదే జబ్బుతో పోయాడు. ఏటా దసరా ముందు మల్లన్న చెన్నూరు వెళ్ళి, అతని భార్య కోమలను చూసి వచ్చేవాడు. ఆయాసం ఎక్కువై రెండేళ్ళుగా పోవడం లేదు.

ఆ రోజు పద్నాలుగు రాళ్ళు ఎంచారు. ఇంటికొచ్చాక మల్లన్న రెండు రోజులు మంచం దిగలేదు. కానీ ఆయన కళ్ళలో అంత వెలుగు చూసి ఏళ్ళయిందని ఐలవ్వే అంది. "అవి ఎప్పుడు నిలవెడ్తరు?" అని రోజూ అడిగేవాడు. ఆదివారం తీసుకుపోతానని అరుణ్ మాట ఇచ్చాడు.

ఈలోగా ముహూర్తం మారింది. కంపెనీ యజమాని ఇంట్లోవాళ్ళు పంచాంగం చూపించుకుని ప్రారంభాన్ని రెండు వారాలు ముందుకు జరిపారు. ఒకదాని తర్వాత ఒకటి కావాల్సిన పనులన్నీ ఒకేసారి మీద పడ్డాయి. రాయి పని అయ్యాక వేయాల్సిన చెక్క ఫ్లోరింగ్ ముందే వేసేశారు. పలకలుగా కోసి తెచ్చిన రాయిని మూలలకూ స్విచ్చు బోర్డులకూ సరిపోయేటట్టు అక్కడే కోసుకోవాలి. కింద పార్కింగులో కోద్దామంటే బిల్డింగువాళ్ళు ఒప్పుకోలేదు.

రాయి కోసే గోపాల్ ముప్పై ఏళ్ళవాడు, పనిమంతుడు. "సార్, నీళ్ళు వోసుకుంట కోస్తే మీ చెక్క ఖరాబైతది. ఏం జెయ్యమంటరు?" అని అడిగాడు.

అరుణ్ ఫోన్‌లో తేదీ చూసుకున్నాడు. ఇంకా తొమ్మిది రోజులే ఉన్నాయి.

"పొడిగనే కొయ్యి. మూతికి కర్చీఫ్ కట్టుకో. రెండు రోజులే గదా," అన్నాడు.

ఆ మాట అంటున్నప్పుడు అతనికి తండ్రి గుర్తుకు రాలేదు. తర్వాత ఎన్నిసార్లు తలచుకున్నా అతన్ని కాల్చింది అదే. గుర్తొచ్చీ అని ఉంటే పాపం చేశానని అనుకునేవాడు. అసలు గుర్తే రాలేదు.

మల్లన్న ఆదివారం దాకా ఆగలేకపోయాడు. గురువారం మధ్యాహ్నం ఐలవ్వ బజారుకు పోయిన వేళ చూసి, ఆటో ఎక్కి ఒక్కడే వచ్చాడు. లిఫ్టులో మూడో అంతస్తు చేరి, గోడ పట్టుకుంటూ నడిచాడు. బ్లేడు చప్పుడు వినిపించింది. తలుపు తెరిస్తే లోపల తెల్లటి పొగలా దుమ్ము. ఆ దుమ్ములో గోపాల్ కూర్చున్నాడు. కనుబొమలు, రెప్పలు, తల, భుజాలు అన్నీ తెల్లబడ్డాయి. మూతికి కట్టిన గుడ్డ జారి మెడలో పడింది.

"ఆపు!" అన్నాడు మల్లన్న. ఆ గొంతు అంత పెద్దగా రావడం అరుణ్ కూడా ఎన్నడూ వినలేదు.

గోపాల్ మిషన్ ఆపాడు.

"నీళ్ళు వెట్టొద్దని ఎవలు చెప్పిండ్రు?"

గోపాల్‌కు ఈయనెవరో తెలియదు. "సారే చెప్పిండు పెద్దనాయినా," అని కిటికీ దగ్గర నిలబడ్డ అరుణ్‌ను చూపించాడు.

మల్లన్న కొడుకు వైపు చూశాడు. తిట్టలేదు. పక్కనున్న తాగేనీళ్ళ క్యాన్‌ను రెండు చేతులా జరుపుకుంటూ వచ్చి, గోపాల్ పక్కన కూలబడి, చెంబు ముంచాడు.

"ఇగ కొయ్యి బిడ్డా. నేను వోస్త."

గోపాల్ అరుణ్ మొహం చూశాడు. మిషన్ మళ్ళీ మోగింది. మల్లన్న దగ్గుతూనే చెంబు తర్వాత చెంబు బ్లేడు మీద సన్నటి ధారగా పోశాడు. దుమ్ము లేవడం ఆగింది. తెల్లటి బురద కొత్త చెక్క మీదికి పారి, సందుల్లోకి దిగింది. క్యాన్ ఖాళీ అయ్యేదాకా మల్లన్న చెంబు దించలేదు.

తెల్లవారేసరికి చెక్క ఉబ్బింది. ప్రమోదిని వచ్చి చూసి, నుదురు పట్టుకుంది. ఆమె చెడ్డమనిషి కాదు. అరవలేదు.

"గదంతా మళ్ళ వెయ్యాలె. కంపెనీవాళ్ళకు నేను చెప్పుకుంట. కానీ మీ బాపును ఇంక సైటుకు రానియ్యకు అరుణ్."

"సరే మేడం," అన్నాడు అరుణ్. తప్పు ఆయనది కాదు, నాదని చెప్పే ధైర్యం చాలలేదు. ఆ రోజు నుంచి చెక్క తీసేసి, టార్పాలిన్ పరిచి, నీళ్ళు పెట్టే కోయించాడు. దాని గురించి ఇంట్లో చెప్పాలనుకున్నాడు. మల్లన్న వినే స్థితిలో లేడు. ఆ సాయంత్రమే జ్వరం మొదలై, మూడో రోజుకు ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు.

ఆఫీసు అనుకున్న రోజే తెరిచారు. వచ్చినవాళ్ళంతా గోడ ముందు నిలబడి ఫోటోలు దిగారు. అరుణ్ పోలేదు. ఆసుపత్రిలో తండ్రి కాళ్ళ దగ్గర కూర్చున్నాడు.

"బాపూ, నేను తప్పు జేసిన," అన్నాడు.

మల్లన్న మాస్కు పక్కకు జరిపాడు. ఒక్కో మాటకూ ఊపిరి తీసుకుంటూ చెప్పాడు.

"నేను గూడ గట్లనే జేసిన కొడుకా. అంబదాస్ లోడింగు పని జేస్తుండె. మంచిగుంటదని నేనే వాన్ని బెజ్జాల పనికి తెచ్చిన. గా ఎండకాలం నీళ్ళ ట్యాంకరు బందైంది. 'దాదా, నీళ్ళు లేకుంటే దుమ్మంత లోపటికి వోతుంది గదా' అన్నడు. 'మూతికి తువ్వాల కట్టు, నాల్గు దినాలే' అన్న." మాస్కు మూతికి పెట్టుకుని రెండుసార్లు ఊపిరి పీల్చి, మళ్ళీ జరిపాడు. "గా నాల్గు దినాలు ఆరేండ్లయినయ్."

అరుణ్ మాస్కు సరిచేయబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు.

"కోమలకు చెప్పలే. ఏటేటా చెప్పొద్దామనే పోతుంటి. చాయ్ తాగి వస్తుంటి. నువ్వు చెప్పు."

తర్వాత నాలుగు రోజులు బతికాడు. మళ్ళీ మాట్లాడలేదు.

దినాలయ్యాక అరుణ్ చెన్నూరు బస్సెక్కాడు. కోమల ఇంటి ముందు పందిరి కింద చాటలో ఆకు, తంబాకు పెట్టుకుని బీడీలు చుడుతోంది. మల్లన్న పోయిన సంగతి చెప్పగానే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

"రెండేండ్ల సంది రాలే. ఏమో అయ్యిందనే అనుకున్న. ఎన్ని దినాలు పండుకున్నడు?"

"పది దినాలు, చిన్నమ్మా."

"మావోడు ఆర్నెల్లు పండుకుండె," అంది. కళ్ళు తుడుచుకుని మళ్ళీ ఆకు అందుకుంది.

అరుణ్ అప్పుడు చెప్పాడు. ట్యాంకరు బందైన ఎండాకాలం గురించి, నాలుగు రోజులన్న మాట గురించి, ఏమీ దాచకుండా చెప్పాడు. చెబుతున్నంతసేపూ ఆమె వేళ్ళు బీడీ చుడుతూనే ఉన్నాయి. చివరికి ఆగాయి. ఆమె వాకిలి వైపు చూసింది.

"మీ బాపు గీ పందిట్లనే కూసుంటుండె," అంది. "బతికుండంగ చెప్తే నోరార తిడుతుంటి. రెండేండ్లు మాట్లాడకపోదును. తర్వాత మాట్లాడుదునేమో. ఇగ ఇప్పుడు ఎవర్ని తిట్టాలె?"

"నన్ను తిట్టు చిన్నమ్మా."

"నువ్వేం జేసినవ్?"

గోపాల్ సంగతి చెప్పాడు. కర్చీఫ్ కట్టుకొమ్మని అన్నదీ, తండ్రి వచ్చి నీళ్ళు పోసిందీ చెప్పాడు. కోమల మొహం ఎత్తి అతన్ని సూటిగా చూసింది.

"గా పిలగాడు ఎట్లున్నడు?"

"ఎక్స్‌రే తీపిద్దాం రమ్మంటే నవ్వుతుండు. నాకేమైందంటుండు. ఇప్పుడైతే మంచిగనే ఉన్నడు."

కోమల చాట పక్కకు జరిపి, లోపలికి పోయి, కంచంలో అన్నం, పప్పు పెట్టుకొచ్చి అతని ముందు ఉంచింది. అరుణ్ తింటుంటే ఎదురుగా గోడకానుకుని కూర్చుంది. నాలుగింటి బస్సుకు అతను లేచేదాకా ఆమె మళ్ళీ ఒక్క మాట మాట్లాడలేదు, ఒక్క బీడీ చుట్టలేదు.